తొంభై రోజుల తర్వాత

బుధవారం సాయంత్రం ఆడవాళ్ల వంతు.
కువోపియోలో, గడ్డకట్టిన సరస్సు ఒడ్డున,
పొగచూరిన చెక్క గదిలో
కాలిన రాళ్ల మీద నీళ్లు చల్లితే
ఆవిరి ముందు చెవుల్ని కొరుకుతుంది,
తర్వాతే వెన్నుని క్షమిస్తుంది.
ఇక్కడ ఎవరి ఒంటి మీదా నూలుపోగుండదు,
ఎవరికేం జరిగిందో అడగక్కర్లేదు.

టెల్లెర్వోకి ఎడమ పక్క
డొక్కలోంచి బొడ్డు వైపు జారిన వాలుగీత.
పన్నెండేళ్ల కింద ఒక చెయ్యి
మణికట్టు దాకా లోపలికెళ్లి
కంతిని కోసి, మిగిలిన కిడ్నీని కుట్టి
బయటికొచ్చిన బాట అది.
"వెచ్చటి చెయ్యే అయ్యుంటుంది" అంటుంది,
మత్తులో ఉన్నదానికి ఎలా తెలుసో మరి.

ఐలికి ఐదు చుక్కలు.
గదిలో ఓ మూల డాక్టరమ్మ చెప్పులు విప్పి
పెట్టెలో తల దూర్చి కూచుంటే
నాలుగు మరచేతులు పని కానిచ్చాయట.
మూడో రోజుకి ఇల్లు చేరి పిల్లికి పాలు పోసింది.
తొమ్మిదో రాత్రి
మూత్రం అడవిపండ్ల రసంలా ఎర్రగా.
అంబులెన్సు, గజ్జల్లోంచి సన్నటి గొట్టం,
లోపలెక్కడో చిట్లిన ధమనికి బిరడా.

"నువ్వు ఆసుపత్రిలో లెక్కలు రాస్తావుగా సైలా,
చెప్పు, ఎవరిది మేలు?"

రాస్తాను.
కోత తర్వాత తొంభై రోజుల్లో ఏం చెడిందో
గడుల్లో నింపడమే నా కొలువు.
మాత్రతో తగ్గిన జ్వరానికి ఒకటి.
రక్తం ఎక్కిస్తే రెండు.
మళ్లీ బల్ల మీదికెక్కిస్తే మూడు.
ప్రాణం మీదికొస్తే నాలుగు.
ఐదు రాసిన రోజు నేను మధ్యాహ్నం అన్నం తినను.

ఆ లెక్కన ఐలి మూడు,
రెండు సీసాల నెత్తురుతో టెల్లెర్వో రెండు.
రెండో ఏడు ఆమె పక్కన పొడుచుకొచ్చిన ఉబ్బు,
దగ్గితే పిల్లి వీపులా లేచేది,
తొంభయ్యో రోజు దాటాక వచ్చింది కనక
రాలేదు.
అరచేయంత మేర చర్మం మొద్దుబారడం
ఎప్పుడూ ఏ అంకెకూ అందలేదు.
ఐలి ఇప్పటికీ నీళ్లు వదిలే ముందు
దీపం వేసి రంగు చూసుకుంటుంది.
దానికీ అంతే.

పట్టిక మొత్తం చూస్తే మర వైపే మొగ్గు:
నెత్తురు తక్కువ, పడక తక్కువ, మూలుగు తక్కువ.
కానీ ఆ ఏళ్లలో
పెద్ద కంతులు, లోతుగా పాతుకున్నవి చేతికి పంపారు,
అంచున కూచున్న చిన్నవి మరకి.
ఏటికెదురీదినవాణ్ణీ వాలున కొట్టుకొచ్చినవాణ్ణీ
ఒకే గట్టున నిలబెట్టి
ఎవరికెక్కువ ఆయాసమని అడిగితే
ఏం చెప్పను?
ఆ తేడాని కూడికల్లో సరిచేస్తామంటారు మా పెద్దలు.
చేస్తాం కూడా. కొంత.

"సగటున చూస్తే..." అని మొదలుపెట్టాను.
టెల్లెర్వో దోసెడు నీళ్లు రాళ్ల మీద కొట్టింది.
నా సగటు బుస్సుమని
పైకప్పుకి పోయింది.

బయట మంచులో తవ్విన నీటిగుంట,
దాంట్లోకి ఐస్ పట్టిన నిచ్చెన.
ఐలి ముందు దిగి బూతులు తిట్టింది.
టెల్లెర్వో మెడ దాకా మునిగి
"ఎడమ పక్కకి చలి ఇంకా రాలేదు" అంది,
బస్సు గురించి చెప్పినట్టు.

బట్టల గదిలో టెల్లెర్వో వంగలేక
బూటు ముందుకు చాపింది.
మోకాళ్ల మీద కూచుని ఐలి లేసు బిగిస్తుంటే
ముడి వదులైందని ఒకావిడ,
ఇంతకంటే బిగిస్తే కాలు వాస్తుందని ఒకావిడ.
నేను కోటు వేసుకున్నాను, టోపీ వెతుక్కున్నాను,
వాళ్లింకా తేల్చుకోలేదు.